జాజ్ శ్రోతలు దేనికి చప్పట్లు కొడతారు?

సంక్షిప్తంగా: జాజ్ బృందం కచేరీని ఎదురుగా కూర్చుని విన్నవారు అంతగా మెచ్చుకోవడానికి వాద్యకారుల వేగం, సాధన మాత్రమే కారణాలు కావు. సంగీతం అప్పటికప్పుడు పుడుతోందనీ, ఒకరు వాయించినదాన్ని మరొకరు విని అందుకుంటున్నారనీ కళ్ళెదుటే తెలియడం అసలు కారణం. ఆ మెప్పు మళ్ళీ వేదిక మీదికి చేరి సంగీతాన్ని మారుస్తుంది. దీని వెనక ఉన్న నిర్మాణం, చరిత్ర, పరిశోధన ఏమిటో, ఆ మెప్పుకు ఉన్న హద్దులేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

జాజ్ కచేరీకి మొదటిసారి వెళ్ళినవారిని ఒక విషయం తికమకపెడుతుంది. పాట ఇంకా నడుస్తూనే ఉంటుంది. ట్రంపెట్ వాయిస్తున్న వ్యక్తి వాద్యం దించి ఒక అడుగు వెనక్కి వేస్తాడు. హాలంతా చప్పట్లు మోగుతాయి. అప్పటికే పియానో మొదలైపోయి ఉంటుంది, దాని తొలి పలుకులు ఆ చప్పట్లలో సగం కలిసిపోతాయి. సింఫనీ కచేరీల్లో రచన పూర్తిగా ముగిసేదాకా కదలకుండా కూర్చోవడం అలవాటైనవారికి ఇది మర్యాద తప్పినట్టు అనిపిస్తుంది.

రికార్డు విని వచ్చినవారి సందేహం వేరు. పాట అదే, వాయించేవారూ వాళ్ళే. కానీ రికార్డులో కంఠతా వచ్చిన సోలో ఒక్కటి కూడా వేదిక మీద వినిపించదు. చాలా సంగీతాల్లో ఇది శ్రోతను నిరాశపరిచే విషయం. ఇక్కడ మాత్రం, ఆ తేడా వల్లనే, జనం కుర్చీల్లో ముందుకు వంగి వింటూ ఉంటారు.

ఈ రెండు సందేహాలకూ మూలం ఒకటే. జాజ్ కచేరీలో శ్రోతల ముందుకు వచ్చేది ముందే సిద్ధమైన రచన కాదు, రచన సిద్ధమయ్యే తీరు. ఆ తీరులో మంచి మలుపు వచ్చిన చోటల్లా చప్పట్లు పడతాయి.

చట్రం ముందే తెలుసు, లోపలిది ఎవరికీ తెలియదు

జాజ్ అంటే నోటికొచ్చినట్టు వాయించడమనే అపోహ ఇప్పటికీ ఉంది. నిజానికి సంప్రదాయ జాజ్‌లో చట్రం చాలా గట్టిది. బ్లూస్ అనే నల్లజాతి అమెరికన్ల గీతరూపంలో అయితే ఒక ఆవర్తనం 12 బార్లు, అంటే 12 తాళపు విడతలు. చాలా పాటలకు 32 బార్లు, ఎనిమిదేసి బార్ల నాలుగు భాగాలు. బార్‌కు సాధారణంగా నాలుగు బీట్లు. ఏ బార్‌లో ఏ కార్డ్, అంటే ఏ స్వరాల గుంపు, రావాలో బృందంలో అందరికీ ముందే తెలుసు. మొదట అందరూ కలిసి అసలు పాటను వాయిస్తారు. తరువాత ఒక్కొక్కరు ఆ కార్డ్‌ల వరస మీదే కొత్త స్వరాలను అల్లుతారు. చివర మళ్ళీ పాటకు వచ్చి ముగిస్తారు. ఒక్కో ఆవర్తనాన్ని కోరస్ అంటారు. ఒక వాద్యకారుడు రెండు కోరస్‌లు తీసుకుంటాడా, పదా అన్నది చాలాసార్లు వేదిక మీదే తేలుతుంది.

మనోధర్మ సంగీతం ఎరిగిన శ్రోతకు ఇందులో సగం పరిచయమే: హద్దులు స్థిరం, లోపలి కల్పన అప్పటిది. మిగతా సగం జాజ్‌కే ప్రత్యేకం. ఇక్కడ ఒకరు కల్పన చేస్తున్నప్పుడు తక్కినవారు కేవలం అనుసరించరు. పియానో వాయించే వ్యక్తి ఏ కార్డ్‌ను ఎక్కడ, ఏ రూపంలో వేయాలో తనే నిర్ణయించుకుంటాడు. డబుల్ బాస్ ప్రతి బీట్‌కూ ఒక స్వరం చొప్పున నడుస్తూ, దారి చూపుతూనే దారి మళ్ళించగలదు. డ్రమ్స్ వాయించేవారు కాలాన్ని కాపాడుతూ, సోలోలోని ఏ పలుకును ఊతంగా తీసుకుని బరువు పెంచాలో చూస్తూ ఉంటారు. సోలో ఒకరిదే అయినా ఆ క్షణాన నలుగురూ ఆశువుగానే వాయిస్తున్నారు.

చట్రం శ్రోతకు చేసే మేలు కూడా ఇక్కడే ఉంది. రెండు మూడు కోరస్‌లు విన్నాక, సంగీతశాస్త్రం తెలియకపోయినా, ఆవర్తనం ఎక్కడ తిరిగి మొదలవుతుందో శరీరానికి తెలిసిపోతుంది. అప్పుడు వాద్యకారుడు ఆ గీతను దాటి వాక్యాన్ని పొడిగిస్తే అది సాహసంగా వినబడుతుంది. గీత తెలియని చోట దాన్ని దాటడం ఎవరికీ కనబడదు.

వినడం కనబడే కళ

బృందంలో ఒకరు విసిరిన లయను మరొకరు పట్టుకోవడం చెవికి తెలిసేలోపే కంటికి తెలుస్తుంది. సాక్సఫోన్ మూడు స్వరాల చిన్న పలుకును రెండుసార్లు తిప్పి పలికిస్తుంది. మూడోసారికి డ్రమ్స్ వాయించే వ్యక్తి తలెత్తి చూస్తాడు. నాలుగోసారి అదే లయ స్నేర్ డ్రమ్ మీద వినిపిస్తుంది. పియానో దగ్గర ఒక నవ్వు. హాల్లో ఎవరో 'ఆహా' అన్నంత చిన్న శబ్దం. రికార్డులో ఇదంతా స్వరాల వరసగానే మిగులుతుంది. గదిలో ఉన్నవారికి మాత్రం ఒక మాట పుట్టి, ఒకరి నుంచి మరొకరికి చేరి, అర్థమై, బదులు పొందిన వైనం మొత్తం తెలుస్తుంది.

దీన్ని సూటిగా చూపించే పద్ధతి ఒకటి ఉంది. సోలోలు అయ్యాక నాలుగు బార్లు ఒకరు, నాలుగు బార్లు మరొకరు, ఎక్కువగా డ్రమ్స్‌తో, వంతులేసుకుని వాయిస్తారు. 2014లో ప్రచురితమైన ఒక పరిశోధనలో జాజ్ పియానో వాద్యకారులు మెదడు స్కానర్‌లో పడుకుని, బయట ఉన్న మరో వాద్యకారుడితో ఇలా వంతులు పంచుకున్నారు. భాషలో వాక్యనిర్మాణానికి తోడ్పడే మెదడు భాగాలు ఆ సమయంలో చురుగ్గా పనిచేశాయి. పదాల అర్థాన్ని గ్రహించే పనికి సంబంధించిన భాగంలో చురుకుదనం తగ్గింది. జాజ్‌ను సంభాషణతో పోల్చడం పాత అలవాటు. ఆ పోలిక ఎంతవరకు నిలుస్తుందో ఈ ఫలితం చెబుతుంది. వాక్యాలు కట్టే తీరులో సంభాషణను పోలి ఉంటుంది, కానీ ఆ వాక్యాలకు నిఘంటువు ఉండదు.

అంతకు ముందు, 2008లో, చార్ల్స్ లిమ్, అలెన్ బ్రాన్ అనే పరిశోధకులు ఆరుగురు పియానో వాద్యకారులను ఇదే విధంగా పరీక్షించారు. కంఠస్థం చేసినదాన్ని వాయిస్తున్నప్పటితో పోలిస్తే, ఆశువుగా వాయిస్తున్నప్పుడు తనను తాను అదుపు చేసుకోవడానికి, తప్పొప్పులు చూసుకోవడానికి పనికొచ్చే మెదడు ముందుభాగంలో చురుకుదనం తగ్గింది. తనను తాను వ్యక్తపరచుకోవడంతో ముడిపడిన మధ్యభాగంలో పెరిగింది. ఆరుగురితో చేసిన పరిశోధన నుంచి పెద్ద తీర్పులు తీయకూడదు. అయినా వాద్యకారులు తరచుగా చెప్పే 'వదిలేయడం' అన్న స్థితికి ఒక భౌతిక రూపం ఉండవచ్చని అది సూచిస్తుంది. ఏళ్ళ సాధన తరువాత కాపలాను కాస్త సడలించగలగడమే ఆ స్థితి.

ముప్ఫై మిల్లీసెకన్ల సంగతి

జాజ్ విన్నవారు 'స్వింగ్ ఉంది', 'స్వింగ్ లేదు' అంటారు. ఏమిటది అంటే చెప్పలేరు. ఒక బీట్‌ను రెండుగా విడగొట్టినప్పుడు మొదటి సగం పొడవుగా, రెండో సగం పొట్టిగా రావడం స్వింగ్‌కు బయటికి కనిపించే లక్షణం. ఆ నిష్పత్తి కూడా స్థిరం కాదు. నెమ్మది కాలంలో తేడా ఎక్కువ, వేగం పెరిగేకొద్దీ రెండు సగాలూ దాదాపు సమానమవుతాయి. కంప్యూటర్‌కు ఈ నిష్పత్తి నేర్పినంత మాత్రాన స్వింగ్ రాదని వాద్యకారులకు చాలాకాలంగా తెలుసు.

జర్మనీలోని గటింగెన్‌లో భౌతికశాస్త్రవేత్తల బృందం 2022లో ప్రచురించిన అధ్యయనం దీని మీద కొంత వెలుగు వేసింది. సోలో వాయించేవారు బీట్ మొదట్లో పడే స్వరాన్ని తక్కిన బృందం కంటే సుమారు 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా వేస్తారు. బీట్ మధ్యలో వచ్చే స్వరాన్ని మాత్రం బృందంతో సరిగ్గా కలుపుతారు. ఒకే సోలోను ఈ సవరణతోనూ, లేకుండానూ వినిపిస్తే, అనుభవం ఉన్న జాజ్ వాద్యకారులు సవరణ ఉన్నదానికే స్వింగ్ ఎక్కువని తేల్చారు.

ముప్ఫై మిల్లీసెకన్లంటే రెప్పపాటులో చిన్న వంతు. గాలిలో ధ్వని ఆ వ్యవధిలో సుమారు పది మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే వేదిక మీద ఇద్దరు పది మీటర్ల ఎడంగా నిలబడితే, స్వింగ్‌కు ప్రాణమైన ఆ తేడా అంతా గాలిలోనే కరిగిపోతుంది. జాజ్ బృందాలు విశాలమైన వేదిక మీద కూడా మధ్యలో గుమిగూడి, పియానో మూత పక్కనే డబుల్ బాస్‌ను నిలిపి వాయించడానికి ఇదొక కారణం. ఇంటర్నెట్ ద్వారా వేర్వేరు ఊళ్ళ నుంచి కలిసి వాయించడం కష్టమైపోవడానికీ ఇదే కారణం. శబ్దం చేరడంలో ఆలస్యం 25, 30 మిల్లీసెకన్లు దాటితే వాద్యకారులు ఒకరి కోసం ఒకరు ఆగుతూ పోతారు, కాలం జారిపోతుంది. చిన్న గదుల్లో జాజ్ బాగుంటుందని శ్రోతలు అనడం వెనక జ్ఞాపకాల మీది మమకారంతో పాటు కొంత లెక్క కూడా ఉంది.

లయ శరీరాన్ని కదిలించే తీరు మీద 2014లో వచ్చిన మరో పరిశోధనను ఇక్కడ కలిపి చూడవచ్చు. డ్రమ్స్ లయల్లో బీట్‌కు ఎదురు నడిచే దెబ్బలు మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా శ్రోతలకు ఆనందం, కదలాలనే కోరిక తగ్గాయి. మధ్యస్థంగా ఉన్నప్పుడే రెండూ ఎక్కువయ్యాయి. బృందంలో బాస్, రైడ్ సింబల్ (డ్రమ్స్‌లోని పెద్ద లోహపు పళ్ళెం) కాలాన్ని నిలకడగా పట్టుకోవడం, వాటి మీద తక్కినవారు కాలానికి ఎదురీదడం ఈ మధ్యస్థితిని నిలబెట్టే ఏర్పాటే.

తప్పు జరిగిన రాత్రులు

సంగీతంలో ఉద్వేగం ఎదురుచూపు నుంచి పుడుతుందని సంగీతశాస్త్రవేత్త లియొనార్డ్ మేయర్ 1956లో ప్రతిపాదించాడు. తరువాత ఏం వస్తుందో శ్రోత మనసు ఊహిస్తూ ఉంటుంది. ఆ ఊహ నిజం కావడం, ఆలస్యం కావడం, తప్పిపోవడంలో నుంచే ఉద్వేగం వస్తుంది. 2011లో వాలరీ సాలింపూర్ బృందం మెదడులో డోపమైన్ విడుదలను కొలిచినప్పుడు, ఒళ్ళు పులకరించే ఘట్టంలోనే కాకుండా దానికి ముందున్న ఎదురుచూపులో కూడా అది విడుదలవుతోందని తేలింది. ఆ ప్రయోగంలో వినిపించినది శ్రోతలు తామే ఎంచుకున్న, బాగా తెలిసిన సంగీతం. కొత్తగా పుడుతున్న సోలోకు ఆ ఫలితాన్ని యథాతథంగా వర్తింపజేయలేం. అయినా ఒక తేడా గమనించదగినది. రాసిన సంగీతంలో శ్రోత ఒక్కడే ఎదురుచూస్తాడు. జాజ్‌లో వాద్యకారులూ ఎదురుచూస్తూ ఉంటారు. తరువాతి బార్‌లో ఏమవుతుందో నిజంగానే ఎవరికీ తెలియదు కాబట్టి, హాల్లోనూ వేదిక మీదా ఉత్కంఠ ఒకటే.

ఈ ఉత్కంఠ నిజమైనదని రుజువయ్యేది తప్పు జరిగినప్పుడు. 1960 ఫిబ్రవరి 13న బెర్లిన్‌లో వేల మంది ముందు 'మాక్ ద నైఫ్' పాడుతున్న ఎల్లా ఫిట్జెరాల్డ్‌కు మధ్యలో సాహిత్యం మరపుకొచ్చింది. ఆమె ఆగలేదు. మరిచిపోయిన సంగతినే పాటగా కట్టింది. ఆ పాటను అంతకు ముందు పాడి ప్రసిద్ధం చేసినవారి పేర్లను అందులోకి లాగింది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతును అనుకరించింది. వెనక ఉన్న చిన్న బృందం ఒక్క బీట్ తడబడకుండా ఆమెతో నడిచింది. ఆ కచేరీ రికార్డు గ్రామీ పురస్కారాలు అందుకుంది. సాహిత్యం గుర్తుండి ఉంటే అది ఆ సాయంత్రం పాడిన మంచి పాటల్లో ఒకటిగా మిగిలేది.

రెండో ఉదంతం హెర్బీ హాన్‌కాక్ తరచుగా చెప్పేది. 1960లలో మైల్స్ డేవిస్ బృందంతో స్టుట్‌గార్ట్‌లో వాయిస్తుండగా, డేవిస్ సోలో మంచి పట్టులో ఉన్నప్పుడు హాన్‌కాక్ పియానో మీద పూర్తిగా తప్పు కార్డ్ వేశాడు. డేవిస్ ఒక్క క్షణం ఊపిరి తీసుకుని, ఆ కార్డ్‌ను ఒప్పు చేసే స్వరాలు ట్రంపెట్‌లో పలికించాడు. డేవిస్ దాన్ని తప్పుగా వినలేదనీ, జరిగిన ఒక సంఘటనగా మాత్రమే తీసుకున్నాడనీ హాన్‌కాక్ వివరణ. ఆ సంగతి అర్థం కావడానికి తనకు ఏళ్ళు పట్టిందని కూడా ఆయన చెప్పాడు.

డేవిస్ వేదిక మీద శ్రోతలకు వీపు చూపిస్తాడని అప్పట్లో చాలామంది నొచ్చుకున్నారు, అహంకారమన్నారు. సింఫనీ బృందాన్ని చేతులతో నడిపించే కండక్టర్ కూడా వీపు చూపించే నిలబడతాడు, బృందాన్ని వినాలన్నా దానికి సైగ చేయాలన్నా అటే తిరగాలి. హాన్‌కాక్ చెప్పిన ఘటనను పక్కన పెట్టుకుని చూస్తే, ఆ వీపు జాజ్ వేదిక మీద జరిగే అసలు పనికి గుర్తుగా కనిపిస్తుంది.

నాట్యశాల నుంచి కుర్చీల్లోకి

జాజ్ శ్రోతలు ఎప్పుడూ ఇలా కూర్చుని వినలేదు. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో ఈ సంగీతం ఊరేగింపుల్లో, అంత్యక్రియల్లో, నాట్యశాలల్లో పెరిగింది. బ్లూస్, రాగ్‌టైమ్ అనే పియానో బాణీ, ఇత్తడి వాద్యాల బ్రాస్ బ్యాండ్లు, నల్లజాతి చర్చిలోని పిలుపూ బదులూ పద్ధతి అందులో కలిశాయి. చర్చిలో బోధకుడి ప్రతి వాక్యానికీ జనం బదులు పలికే అలవాటు ప్రభావంతో కూడా, పాట మధ్యలో మెప్పు తెలపడం తప్పు కాదనే భావన జాజ్‌కు సంక్రమించింది. మధ్యలో పడే చప్పట్లను చూసి తికమకపడేవారు మొదట తెలుసుకోవలసినది ఇదే.

1926లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో తెరిచిన సవాయ్ బాల్‌రూమ్‌లో రెండు వేదికలు ఉండేవి. ఒక బృందం ఆగగానే రెండోది అందుకునేది. అక్కడ తీర్పు చెప్పేవి నర్తకుల పాదాలు. 1937 మేలో డ్రమ్స్ వాద్యకారుడు చిక్ వెబ్ బృందానికీ, అప్పటికే దేశమంతా పేరున్న బెన్నీ గుడ్‌మన్ బృందానికీ పోటీ జరిగింది. జనం వెబ్‌నే గెలిపించారు. గుడ్‌మన్ దగ్గర డ్రమ్స్ వాయించే జీన్ క్రూపా, వెబ్ ముందు తల వంచాడు. మరుసటి ఏడు జనవరి 16న అదే గుడ్‌మన్ కార్నెగీ హాల్లో, కుర్చీల్లో కూర్చున్న శ్రోతల ముందు వాయించాడు. ఆ రాత్రి ఎక్కువగా గుర్తుండిపోయినది హోరెత్తించిన బ్రాస్ వాద్యాల తరువాత జెస్ స్టేసీ పియానో మీద మెల్లగా, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు వాయించిన సోలో. నాట్యశాలలో అలాంటిదానికి చోటు దొరకడం కష్టం.

తరువాతి మలుపులో పన్నుల చట్టానికీ పాత్ర ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1944లో, అమెరికా ప్రభుత్వం నాట్యం, గానం ఉన్న క్లబ్బుల ఆదాయం మీద 30 శాతం పన్ను విధించింది. అదే ఏడు 20 శాతానికి తగ్గించినా, చివరికి రద్దయినది 1965లోనే. నాట్యం లేని, పాట లేని చోట చిన్న వాద్యబృందాన్ని పెట్టుకుంటే ఈ పన్ను లేదు. సరిగ్గా ఆ ఏళ్ళలోనే హార్లెమ్‌లోని మింటన్స్ ప్లేహౌస్ వంటి చోట్ల చార్లీ పార్కర్, డిజీ గిలెస్పీ, థెలోనియస్ మంక్ తరం వేగంగా, చిక్కుగా, నాట్యానికి లొంగని బీబాప్‌ను రూపొందిస్తోంది. పన్ను వల్లే బీబాప్ పుట్టిందనడం అతిశయోక్తి. కానీ నాట్యానికి అనుకూలం కాని సంగీతానికి చోటు దొరకడంలో ఆ పన్నుకు వాటా ఉంది. నర్తకుడు శ్రోత అయ్యాడు. పాదాలతో చెప్పిన మెప్పు చప్పట్లలోకి, తల ఊపులోకి, సోలో మధ్యలో వెలువడే కేకలోకి మారింది.

ఆ పాత నాట్యపు జాడ ఒకటి మిగిలింది. జాజ్‌లో బార్‌లోని రెండు, నాలుగు బీట్ల మీద చప్పట్లు పడాలి. ఒకటి, మూడు మీద కొడితే స్వింగ్ బరువెక్కి కుంటుతుంది. ఒక కచేరీలో శ్రోతలు ఒకటి, మూడు మీద కొడుతుంటే పియానో వాయిస్తున్న హారీ కానిక్ జూనియర్ పాట మధ్యలో ఒక్క బీట్ అదనంగా కలిపాడు. శ్రోతలు తమ చప్పట్లను ఆపలేదు, మార్చలేదు. అయినా అవి ఒక్కసారిగా సరైన బీట్ల మీద పడసాగాయి. వెనక ఉన్న డ్రమ్స్ వాద్యకారుడు సంతోషంతో చేతులు పైకెత్తాడు. శ్రోతలు కూడా బృందంలో ఒక వాద్యమేననీ, దాన్నీ శ్రుతి చేసుకోవచ్చుననీ ఇంత చక్కగా చూపిన సందర్భం మరొకటి దొరకడం కష్టం.

న్యూపోర్ట్, 1956 జులై 7

శ్రోతల మెప్పు సంగీతాన్ని ఎంత దూరం తీసుకెళ్ళగలదో చెప్పడానికి ఈ రాత్రిని మించిన ఉదాహరణ లేదు. అప్పటికి డ్యూక్ ఎలింగ్టన్ బృందం పరిస్థితి బాగాలేదు. పెద్ద బృందాల కాలం గడిచిపోయింది, ఆదరణ తగ్గింది. అమెరికాలోని న్యూపోర్ట్‌లో 1954లో మొదలైన జాజ్ ఉత్సవంలో వారి ప్రధాన వంతు రాత్రి బాగా పొద్దుపోయాక వచ్చింది. కొందరు ఇళ్ళకు బయల్దేరుతున్నారు.

ఎలింగ్టన్ తాను 1937లో రాసిన జంట రచన 'డిమినుయెండో అండ్ క్రెషెండో ఇన్ బ్లూ' ఎత్తుకున్నాడు. రెండు భాగాల మధ్య టెనర్ సాక్సఫోన్ వాద్యకారుడు పాల్ గొన్సాల్వెస్‌కు సోలో ఇచ్చాడు. గొన్సాల్వెస్ వరసగా 27 కోరస్‌లు వాయించాడు. పన్నెండు బార్ల బ్లూస్ కాబట్టి మొత్తం 324 బార్లు. విడిగా వింటే ఆ సోలోలో అబ్బురపరిచే స్వరకల్పన పెద్దగా లేదని చెప్పే విమర్శకులున్నారు, ఆ మాటలో కొంత నిజముంది. దాని బలం మరోచోట ఉంది. డ్రమ్స్ మీద సామ్ వుడ్‌యార్డ్, బాస్ మీద జిమ్మీ వుడ్ సడలనివ్వని కాలం, ఎలింగ్టన్ పియానో దగ్గర నుంచి వేసే కేకలు, వేదిక పక్కన కౌంట్ బేసీ బృందపు పాత డ్రమ్స్ వాద్యకారుడు జో జోన్స్ చుట్టిన వార్తాపత్రికతో కొడుతున్న తాళం, అన్నీ ఒకే చోట కూడాయి. ఏడెనిమిది కోరస్‌ల తరువాత ముందు వరసల్లో ఒక మహిళ లేచి నాట్యం మొదలుపెట్టింది. ఆమె చుట్టూ జనం లేచారు. ఆ కదలిక వాద్యకారులకు కనబడింది, వాయింపు బిగిసింది, దాంతో ఇంకొందరు లేచారు. వేదిక నుంచి జనానికి, జనం నుంచి వేదికకు సాగిన ఈ తిరుగుడులో ఎవరు ఎవరిని నడిపించారో విడదీసి చెప్పలేం.

జనం అదుపు తప్పుతారేమోనని నిర్వాహకులు కంగారుపడ్డారు. ఎలింగ్టన్ కచేరీ ఆపలేదు. ఆపితే ప్రమాదమని ఆయనకు తెలుసు. జానీ హాడ్జెస్ ఆల్టో సాక్సఫోన్‌తో నెమ్మదైన పాటలు అందుకుని ఆ వేడిని మెల్లగా దించాడు. వేలమందిని లేపిన చేతులే వారిని కూర్చోబెట్టాయి. ఆగస్టు 20 నాటి టైమ్ పత్రిక ముఖచిత్రం మీద ఎలింగ్టన్ ఉన్నాడు.

ఈ కథకు ఒక తోక ఉంది. ఆ రాత్రి గొన్సాల్వెస్ తప్పు మైకు ముందు నిలబడ్డాడు. అది వాయిస్ ఆఫ్ అమెరికా రేడియోది. రికార్డు కంపెనీ టేపులో ఆయన సోలో పలచగా, దూరంగా పడింది. ఆ కచేరీ పేరుతో వెలువడిన ఆల్బంలో కొన్ని భాగాలు తరువాత స్టూడియోలో మళ్ళీ వాయించి, జనం శబ్దం కలిపినవి. రేడియో టేపు దొరికాక, రెండు టేపులనూ జతచేసి అసలు కచేరీని 1999లో విడుదల చేశారు.

శ్రోతలను తయారుచేసిన స్టూడియోలు

జనం శబ్దాన్ని బయటి నుంచి తెచ్చి కలపవలసి రావడం ఆలోచింపజేసే విషయం. శ్రోతల అలికిడి లేకపోతే సంగీతంలో ఏదో లోపిస్తుందని రికార్డు కంపెనీలకు కూడా తెలుసు. కానన్‌బాల్ ఆడర్లీ బృందం 1966లో 'ద క్లబ్'లో వాయించినట్టు ప్రకటించిన ఆల్బం నిజానికి లాస్ ఏంజిలిస్‌లో ఒక స్టూడియోలో రికార్డయింది. పరిచయస్తులను పిలిచి, కుర్చీలు వేసి, పానీయాలు పోసి, స్టూడియోనే క్లబ్బుగా మార్చారు. చోటు అబద్ధం, శ్రోతల కేకలు నిజం. బృందం వాయించిన తీరు ఆ కేకలకు ఇచ్చిన బదులు.

డబుల్ బాస్ వాద్యకారుడు చార్ల్స్ మింగస్ దీనికి సరిగ్గా ఎదురు దారి తొక్కాడు. 1960లో స్టూడియోలో, ఒక్క శ్రోత కూడా లేనిచోట, దీపాలు తగ్గించి, లేని శ్రోతలను ఉద్దేశించి మాట్లాడుతూ వాయించాడు. చప్పట్లు కొట్టవద్దనీ, గ్లాసుల్లో ఐసు చప్పుడు చేయవద్దనీ వారిని కోరాడు. శ్రోతలు తన పనికి అడ్డమని విసుక్కున్న మనిషికి కూడా వాయించడానికి ఎదురుగా శ్రోతలు ఉన్నట్టు ఊహించుకోవలసి వచ్చింది.

మింగస్ విసుగులో న్యాయం ఉంది. మెప్పు ఎప్పుడూ మేలే చేస్తుందని చెప్పలేం. కచేరీల నిర్వాహకుడు నార్మన్ గ్రాంజ్ 1944 జులైలో లాస్ ఏంజిలిస్‌లో మొదలుపెట్టిన 'జాజ్ ఎట్ ద ఫిల్హార్మోనిక్' కచేరీలు జాజ్‌ను పెద్ద హాళ్ళలోకి తెచ్చాయి. శ్రోతల్లో జాతి విభజనను ఒప్పుకోనని గ్రాంజ్ పట్టుబట్టడం చిన్న విషయం కాదు. అదే వేదికల మీద, కీచుమనే పై స్వరాన్ని పట్టుకుని సాగదీస్తే జనం ఊగిపోతారని సాక్సఫోన్ వాద్యకారులు తొందరగా కనిపెట్టారు. ఒకసారి చప్పట్లు తెచ్చిన ఎత్తుగడ రెండోసారి అలవాటవుతుంది, మూడోసారి ఆశువు కాకుండా పోతుంది. ప్రతి సోలోకూ మొక్కుబడిగా చప్పట్లు కొట్టే నేటి అలవాటుకు కూడా ఈ దోషం ఉంది. అన్నింటికీ ఒకే మోతాదు మెప్పు దొరికితే, ఈ రాత్రి ఏది నిజంగా కుదిరిందో వాద్యకారులకు తెలిసే దారి మూసుకుపోతుంది. తరువాత అందుకున్న పియానో తొలి పలుకులు కూడా ఆ చప్పట్లలో కొట్టుకుపోతాయి. బాస్ సోలోకు నష్టం మరీ ఎక్కువ, ఎందుకంటే అది ఎలాగూ మెల్లగా మొదలవుతుంది.

గదిలో ఉండటం

న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ 1935లో మాక్స్ గోర్డన్ తెరిచిన క్లబ్బు. మెట్లు దిగితే ఇరుకైన నేలమాళిగ, త్రికోణంలాంటి గది, నూటికి కాస్త పైగా కుర్చీలు. 2020లో క్లబ్బులు మూతపడ్డప్పుడు అక్కడి నుంచి బృందాలు ఖాళీ గదిలో వాయించి ఇంటర్నెట్‌లో ప్రసారం చేశాయి. వాద్యకారుల మధ్య దూరం పెద్దగా మారలేదు కాబట్టి స్వింగ్‌కు లోటు రాలేదు. ఒకరినొకరు వినడమూ సాగింది. సోలో ముగిశాక వచ్చే నిశ్శబ్దం మాత్రం కొత్తది. ఇలాంటి ప్రసారాలు కచేరీకి రాలేనివారికి గొప్ప వరం, వాటిని తక్కువ చేయనక్కరలేదు. అయితే తెర ముందు ఉన్నవారి మెప్పు వేదికకు చేరదు. చేరినా ఆ కోరస్ గడిచిపోయాక చేరుతుంది. వాద్యకారుల మధ్య తిరుగుడు మిగిలి, శ్రోతలతో ఉన్న తిరుగుడు తెగిపోతుంది.

ఆ గదిలోనే మరో రకం శ్రోతలు కూడా ఉండేవారు. 1961 జూన్ 25, ఆదివారం నాడు బిల్ ఎవన్స్ పియానో, స్కాట్ లఫారో బాస్, పాల్ మోషియన్ డ్రమ్స్ కలిసి మధ్యాహ్నం, సాయంత్రం మొత్తం ఐదు విడతలు వాయించారు. బాస్ వెనక నడిచే వాద్యంగా కాకుండా పియానోతో సమానంగా మాట్లాడటం, డ్రమ్స్ కాలాన్ని మోయడం మానేసి రంగులు అద్దడం ఆ ముగ్గురి సాధన. జాజ్‌లో ఒకరినొకరు వినడం గురించి మాట్లాడేవారు ఎక్కువగా చూపించేది ఈ రికార్డింగులనే. అయితే టేపులో వినిపించే శ్రోతలు న్యూపోర్ట్ జనంలా లేరు. గ్లాసులు తగులుతుంటాయి, ఎవరో మాట్లాడుకుంటూ ఉంటారు, ఒక నవ్వు వినిపిస్తుంది, పాట చివర పలచగా చప్పట్లు పడతాయి. ఆ రోజు గదిలో ఉన్నవారిలో చాలామందికి అది ఒక ఆదివారపు కాలక్షేపం. పదకొండు రోజులు తిరిగేసరికి, జులై 6న, లఫారో కారు ప్రమాదంలో చనిపోయాడు. అతనికి 25 ఏళ్ళు. ఆ ముగ్గురూ కలిసి చేసిన చివరి రికార్డింగు ఆ ఆదివారానిదే. అరవై ఏళ్ళు దాటినా వాటిని వినే కొత్త శ్రోతలు బాస్ సోలోల దగ్గర శబ్దం పెంచుకుంటారు. పెంచినప్పుడు ఆ గ్లాసుల చప్పుడు కూడా పెరుగుతుంది.